మా మేనత్త రుచి చూసిన చెరువు

మా మేనత్త పోయింది. కబురు తెలిసి వచ్చినవాళ్ళు, ఊరికే అరుగు మీద కూర్చోవడానికి వచ్చినవాళ్ళు అందరూ ఒకటే పాట పాడారు. శాంతమూర్తి అట. భూదేవంత సహనమట. అన్నగారి మాట జవదాటని చెల్లెలట. ఆవిడను ఇంకా ఇంట్లోంచి కదపకుండానే, గోడకు అవతల కూర్చుని ఇన్ని అబద్ధాలు ఆడటానికి వీళ్ళకు నోరెలా వచ్చిందో నాకు తెలియదు. బతికున్నన్నాళ్ళూ ఆవిడ వీధరుగు మీద కనిపిస్తే పంచె సర్దుకుని పక్క సందులోకి మళ్ళిపోయిన పెద్దమనుషులే అందరూను.

ఆ పొగడ్తలు కూడా ఒక్క పూటే. సాయంత్రానికి రెండో పాట ఎత్తుకున్నారు.

"చివరి గడియలో నోట్లో గంగైనా పొయ్యలేదటండి. మేనల్లుడు చెరువు నీళ్ళు తెచ్చి పోశాడట."

"అంతేనా అండి! నారాయణా అననే లేదట. ఉప్పు అందిటండి, ఉప్పు!"

రెండు నేరాలూ నిజమే. నేను పోసింది చెరువు నీళ్ళే. ఆవిడ చివరి మాటలో ఉన్నది ఉప్పే. నారాయణుడి కన్నా ఉప్పు ఎందుకు ముందు గుర్తొచ్చిందో ఈ ఊళ్ళో పెద్దలందరికీ తెలుసు, తెలిసీ మర్చిపోయారు. వాళ్ళ కోసం నేనిది రాయడం లేదు. తెలియనివాళ్ళు చదువుతారని రాస్తున్నాను.

మాది కాలువ చివరి ఊరు. ఆనకట్ట దగ్గర బయల్దేరిన గోదావరి నీళ్ళు పై ఊళ్ళన్నీ తాగి, చేలు తడుపుకుని, గేదెల్ని కడుక్కోగా మిగిలినవి మాకు వస్తాయి. మా తర్వాత ఉన్నది ఇసుక, చేపలు పట్టే పల్లెవాళ్ళ పాలెం, సముద్రం. ఏ నుయ్యి తవ్వినా ఉప్పే. ఎండాకాలం కాలువ కట్టేస్తే మళ్ళీ వదిలేదాకా ఊరికీ పాలేనికీ దిక్కు ఒక్క మంచినీళ్ళ చెరువే.

ఆ చెరువు మా పెదనాన్న తవ్వించాడు, వాళ్ళమ్మ పేరు మీద. ప్రతిష్ఠ రోజున కాశీ నుంచి తెప్పించిన గంగచెంబు మూత ఊడదీసి అందులో పోశాడు. "ఈ క్షణం నుంచీ ఈ చెరువులో ప్రతి చుక్కా గంగే" అని పురోహితుడు గట్టిగా ప్రకటించాడు. ఊరంతా దణ్ణం పెట్టింది. చెంబెడు నీళ్ళు అంత చెరువుకూ ఎలా సరిపోయాయని ఒక్కరికీ అనుమానం రాలేదు. పెదనాన్న చేసిన పనిలో అనుమానాలు ఎవరికీ రావు, ఆయన చేలు కౌలుకు చేసేవాళ్ళకు అసలే రావు.

మేనత్త ఆయనకు చెల్లెలు. కాపురానికి వెళ్ళకుండానే బొట్టు పోగొట్టుకుని, తెల్లబట్ట కట్టి, అన్నగారి ఇంట్లో వంటింటికి చేరింది. జాలి పడదామని వచ్చినవాళ్ళను ఆవిడ గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. "మీ జాలి మీ ఇంట్లో పప్పులో వేసుకోండి" అనేది. మనుషుల్ని చూస్తే మూతి విరవడం ఆవిడ స్వభావం. వంటింట్లో సరుకుల్ని మాత్రం ఎంతో మర్యాదగా చూసేది, ఎందుకంటే అవి అబద్ధం ఆడవు అనేది.

'పోయింది' అన్న మాట ఆవిడకు పడేది కాదు. మా ఇంటి కొత్త కోడలు ఒకసారి మజ్జిగలో ఉప్పు వేసి కలిపి, "ఉప్పు పోయిందండి అత్తయ్యగారూ, మళ్ళీ వెయ్యనా?" అని అడిగింది. పాపం, ఆ పిల్ల కరిగిపోయిందని చెప్పబోయింది.

"ఎక్కడికి పోయిందే? పుట్టింటికా?" అంది మేనత్త. "కంటికి కనపడకపోతే లేనట్టేనా? నాలిక్కి కనపడుతుంది, చూడు."

ఊరగాయల రోజుల్లో పెద్ద బానలో ఉప్పునీళ్ళు కాచేది. గుప్పెళ్ళతో కల్లుప్పు వేస్తూ తిప్పేది. రాయిలాంటి పలుకు నెమ్మదిగా కరుగుతుంది, నలిపి వేస్తే చప్పున కరుగుతుంది, నీళ్ళు వేడెక్కితే ఇంకా చప్పున కరుగుతుంది. వేసిందల్లా తీసుకుంటూ తీసుకుంటూ నీళ్ళు ఒకచోట ఆగిపోతాయి. తర్వాత వేసిన ఉప్పు ఎంత తిప్పినా అడుగున గరగరలాడుతూ పడి ఉంటుంది. "దీనికి కడుపు నిండింది. దీనికున్న సిగ్గు మీ పెదనాన్న భోక్తలకు లేదు" అని గరిటె పక్కన పెట్టేది.

నేను రాజమండ్రి కాలేజీలో చదువుతూ సెలవలకు వచ్చినప్పుడు, పాఠంలో చెప్పిన ద్రావణాల సంగతి గొప్పగా ఆవిడకు వినిపించాను. నీళ్ళలో కరిగిన పదార్థం సన్నని సన్నని అణువులై అంతటా సమానంగా సర్దుకుంటుందనీ, బట్టలో వడకట్టినా రాదనీ, నిలవబెట్టినా అడుక్కి దిగదనీ చెప్పాను. ఆవిడ చింతపండు పిసుకుతూ అంతా విన్నది.

"ఈ మాత్రం చెప్పడానికి మీకు రాజమండ్రిలో మేడ కట్టారట్రా?" అంది. కాసేపాగి, "మరి కరిగినదాని బరువు ఏమవుతుందన్నారు?" అని అడిగింది.

"ఎక్కడికీ పోదత్తయ్యా. నీళ్ళ బరువుకు చేరుతుంది."

"పరవాలేదు. దొరలకూ కొంత తెలుసు" అంది. ఆవిడ నోట అంత పొగడ్త వినడం మా ఇంట్లో అదే మొదలు.

తర్వాత ఒక కార్తికంలో ఉప్పెన వచ్చింది. పాలెంలో పాకలు కొట్టుకుపోయాయి, ప్రాణాలూ పోయాయి. ఆ సంగతి ఇక్కడ రాయలేను. సముద్రం చేల మీదుగా నడిచొచ్చి మా చెరువులో దిగి, తిరిగి వెళ్ళిపోయింది. గట్టు నిలిచింది కాని, లోపల అంచుదాకా ఎర్రటి బురదనీళ్ళు, గుక్కెడు తాగితే వాంతి వచ్చేంత ఉప్పు.

గోదావరికి వరద వచ్చి నీళ్ళు ఎర్రబడితే ఇక్కడ ప్రతి ఇంట్లోనూ చేసే పని ఒకటుంది. ఇండుపగింజను కుండ లోపలి అంచుకు అరగదీస్తారు. కాసేపటికి మట్టి అడుక్కి దిగి పైనీళ్ళు తేరుకుంటాయి. పుట్టినప్పటి నుంచీ అదే చూసిన జనం కనక, తేరిన నీళ్ళంటే మంచినీళ్ళని వాళ్ళ నమ్మకం. పెదనాన్న ఇండుపగింజలు బస్తాలతో తెప్పించాడు. వాటిని నూరి, పటికతో కలిపి దోనెల మీద చెరువంతా చల్లించాడు. కొన్నాళ్ళకు నీళ్ళు అద్దంలా తేరాయి. అడుగున నత్తగుల్లలు కనిపించాయి. ఊరు ఊరంతా గట్టు మీదకొచ్చి నోరు తెరుచుకుని చూసింది.

పురోహితుడు మంత్రం చదివి దోసిట్లో నీళ్ళు పట్టి నోట్లో పోసుకున్నాడు. మొహం ఒక్క క్షణం ముడుచుకుపోయింది. ఎదురుగా పెదనాన్న నిలబడి చూస్తున్నాడు.

"కొబ్బరినీళ్ళే బాబూ!" అన్నాడు పురోహితుడు.

ఇంక చెప్పేదేముంది. కరణం కొబ్బరినీళ్ళన్నాడు. మునసబు కొబ్బరినీళ్ళన్నాడు. నోట్లో పోసుకోకుండానే అన్నవాళ్ళు కూడా ఉన్నారు. పెద్దమనుషులు అబద్ధం చెప్పడం నేను అంతకు ముందూ చూశాను కాని, ఒకే అబద్ధాన్ని వరసలో నిలబడి అందుకోవడం అప్పుడే చూశాను.

మేనత్త మెట్లు దిగింది. పుడిసెడు నీళ్ళు నాలుక మీద ఉంచుకుని, పక్కకు తిరిగి ఉమ్మేసింది.

"ఉప్పు" అంది. "అన్నయ్యా, ఈ నీళ్ళు తోడించెయ్యి. అడుగంటా తోడించి, కాలువ నీళ్ళు ఓసారి పెట్టించి కడిగించు. అవి కూడా తోడించాక అప్పుడు నింపు. కాలువ కట్టెయ్యకముందే కానియ్యి."

"మతి పోయిందా నీకు? అమ్మ పేరున గంగ పోసిన చెరువే ఇది! మురుగు కాలువలోకి తోడమంటావా? కళ్ళు పెట్టి చూడు, ఎంత తేరుకున్నాయో."

"తేరింది మట్టి. ఉప్పు తేరదు. నిన్నూ నన్నూ కలిపి అరగదీసినా తేరదు."

"కాస్త మంచినీళ్ళు పెట్టిస్తే అదే విరుగుతుంది."

"అంచుదాకా ఉన్న చెరువులో ఎక్కడ పెట్టిస్తావు? చెంబెడు గంగ చెరువంతా కలిసిందంటే దణ్ణం పెట్టావు కదా. సముద్రమే వచ్చి పడితే ఆ ఉప్పు కలవలేదంటావేం? గంగకో న్యాయం, ఉప్పుకో న్యాయమూనా?"

జవాబు దొరకనప్పుడు మా పెదనాన్న గొంతు పెంచేవాడు. "ఆడదానివి, నీకు చెరువుల సంగతి దేనికి? వెళ్ళి వంటింట్లో కూచో!"

"అలాగే. వంటింట్లోనే కూచుంటాను" అంది ఆవిడ. అంత సులువుగా ఒప్పుకున్నందుకు అప్పుడే భయపడాల్సింది ఆయన.

మర్నాడు పాలెం నుంచి ఒకామె పెరటి గుమ్మం దగ్గరకొచ్చింది, చంకలో చంటిదానితో. ఉప్పెనలో మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి.

"అమ్మగారండి, చెరువు బాగుపడిపోయిందని చాటింపేశారండి. మా పిల్లకి పట్టానండి, వాంతి చేసేసుకుందండి. ఇప్పుడంటే కాలవకెళ్ళి తెచ్చుకుంటున్నామండి. కాలవ కట్టేసినాక ఈ పిల్ల ఏం తాగుద్దండి?"

మేనత్త చంటిదాని మొహంలోకి చూసింది. "వేసవికి మంచినీళ్ళు తాగుతుందిలే, వెళ్ళు" అని చెప్పి పంపించింది. పంపించాక నన్ను చూసి, "ఎలా అని అడక్కు" అంది.

అవకాశం పెదనాన్నే తెచ్చి ఇచ్చాడు. ఊళ్ళో గుసగుసలు నొక్కెయ్యడానికి చెరువుకు పుణ్యాహవాచనం చేయించి, పెద్దలందరికీ ఇంట్లో భోజనం పెట్టాలని తీర్మానించాడు. వంటంతా ఆ చెరువు నీళ్ళతోనే జరగాలని ఆయనే ఆజ్ఞాపించాడు. మేనత్త సరేనంది. భోజనాల రోజు పొద్దున్నే ఉప్పు జాడీ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇంటినిండా జనం అన్నయ్యా. ఎవరైనా ముట్టుకుంటే మడి చెడుతుంది. నీ భోషాణంలో పెట్టి తాళం వేసుకో."

తాళం వెయ్యమంటే ఆయనకు ఎక్కడలేని ఉత్సాహం. వేసి, తాళంచెవిని ఎప్పటిలాగే జంధ్యానికి కట్టుకున్నాడు. మరి వంటలోకి ఉప్పెలా అని ఆయనకు తట్టనే లేదు. వంటంటే విస్తట్లోకి వచ్చి పడేది అనుకునే మనిషికి ఎలా తడుతుంది?

నేను వంటింటి గడప ఇవతల నిలబడి చూస్తున్నాను. పప్పు ఆ నీళ్ళలో ఉడకనని మొండికేస్తోంది. పరమాన్నం గిన్నెలో నీళ్ళు పోసి మరిగిస్తోంది ఆవిడ. మరిగి సగమైతే మళ్ళీ పోస్తోంది, మళ్ళీ మరిగిస్తోంది.

"ఎందుకత్తయ్యా అన్ని నీళ్ళు?"

"ఆవిరి పోతోంది చూశావా? అది ఉప్పును వెంటబెట్టుకుపోదు. ఎంత మరిగించినా ఉప్పంతా మిగిలిన కాసిని నీళ్ళలోకి జరిగి కూచుంటుంది. మీ కాలేజీలో చెప్పలేదూ?"

చెప్పారు. కాని పరమాన్నంలో చేసి చూపించలేదు.

పెద్దలు పీటల మీద కూర్చున్నారు. పప్పు వడ్డించగానే పురోహితుడు లొట్టలు వేశాడు. "ఉప్పు ఎంత కుదిరిందండీ! మీ చెల్లెలుగారి చెయ్యే చెయ్యి." కరణం పులుసులో ఉప్పును మెచ్చుకున్నాడు. పెదనాన్న పొంగిపోతున్నాడు. నేను స్తంభం చాటున నిలబడి పెదవి కొరుక్కున్నాను.

అప్పుడు పరమాన్నం వచ్చింది. అందరూ ఒక్కసారే నోట్లో పెట్టుకున్నారు, ఒక్కసారే ఆగిపోయారు. ఉమ్మడానికి లేదు, కొబ్బరినీళ్ళన్నది వాళ్ళ నోళ్ళే. మింగడానికీ లేదు. గొంతులో వెలక్కాయ పడినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మారు వడ్డించరా, మొహమాట పడుతున్నారు" అని లోపల్నించి మేనత్త గొంతు వినిపించింది. వడ్డించాను. ఇంత గరిటెతో వడ్డించాను.

చివరికి పురోహితుడే తెగించాడు. "అమ్మా, పరాకున పరమాన్నంలో ఉప్పు పడినట్టుంది."

మేనత్త గుమ్మంలోకి వచ్చింది. "ఉప్పా? ఎక్కడిదండీ? అన్నయ్యా, ఉప్పు జాడీ ఎక్కడుంది?"

పెదనాన్న ఎడమ చెయ్యి జంధ్యం మీదకు వెళ్ళింది. అందరి కళ్ళూ ఆ తాళంచెవి మీద పడ్డాయి.

"పొద్దుట్నించి నా పొయ్యి దగ్గరకు ఒక్క పలుకు ఉప్పు రాలేదండి. పప్పులో కుదిరిందన్నారే, ఆ ఉప్పూ చెరువుదే. పులుసులోదీ చెరువుదే. మీరంతా కొబ్బరినీళ్ళన్న చెరువుదేనండి. కాలువ కట్టేశాక ఊళ్ళో పసిపిల్లలు తాగాల్సింది ఇదే. మీరు మాత్రం విస్తట్లో వదలకండి, పాపం వస్తుంది."

ఎవరూ వదల్లేదు. తిన్నారు. నా జీవితంలో నేను చూసిన మంచి భోజనం అదే.

శాస్త్రం అంతవరకూ ఏ తాటాకుల్లో దాక్కుందో గాని, నాలుకకు ఉప్పు తగిలాక దొరికింది. గంగమ్మకు ఉద్వాసన చెప్పి నీళ్ళు తోడవచ్చునని పురోహితుడు కనిపెట్టాడు. పెదనాన్న మాత్రం ఇంకా బిగుసుకునే ఉన్నాడు. అమ్మ పేరున పోసిన గంగ పోతోందని ఆయన కంటతడి పెట్టుకుంటే, మొదటిసారి ఆ మనిషి మీద నాకు అసహ్యం కాస్త తగ్గింది. మేనత్తకు కూడా తగ్గి ఉండాలి. లోపలికి వెళ్ళి తన పెట్టె అడుగు నుంచి ఒక రాగిచెంబు తెచ్చింది. లక్కతో మూసిన కాశీచెంబు. తన చివరి గడియకని ఎవరినో బతిమాలి తెప్పించుకుని దాచుకున్నది. ఆవిడ ఒకరిని బతిమాలిందంటే అది దీనికోసమే.

"కొత్తనీళ్ళు నిండాక ఇది పొయ్యి."

"అది నువ్వు దాచుకున్నది కదే. రేపు నీకో?"

"నాకు ఆ చెరువులోంచే ఓ ఉద్ధరిణెడు పోయించు. ప్రతి చుక్కా గంగేనని మీ శాస్త్రులు గారే కదా అన్నది. ఆ ఒక్క మాటా నిజం చేసుకోండి."

ఊళ్ళో గూడలన్నీ చెరువు గట్టుకు చేరాయి. ఇద్దరిద్దరు చెరోవైపు తాళ్ళు పట్టుకుని నీళ్ళు తోడి మురుగు కాలువలోకి విసిరారు. పాలెంవాళ్ళు మొదట దిగారు, చివర ఎక్కారు. కాలువ కట్టేసే వేళకు చెరువు రెండోసారి నిండింది. ఆ వేసవిలో చంకలో చంటిదానితో పాలెం ఆమె బిందె ముంచుకుంటుంటే మేనత్త గట్టు మీద నిలబడి చూసింది. గట్టు మీది రాతి మీద మాత్రం పెదనాన్న ముందుచూపును పొగుడుతూ అక్షరాలు చెక్కించారు. కావలసినవాళ్ళు వెళ్ళి చదువుకోవచ్చు.

మొన్న ఆవిడకు ఊపిరి అందనప్పుడు, గంగ ఏదీ గంగ ఏదీ అని అరిచిన ఆ పురోహితుడే ఆనాడు ఆవిడ దాచుకున్న కాశీచెంబు మూత ఊడదీసి కొత్తనీళ్ళలో పోసినవాడు. నేను చెరువుకు వెళ్ళి నీళ్ళు తెచ్చి ఆవిడ నోట్లో పోశాను. ఆవిడ వెంటనే మింగలేదు. ఎప్పటిలాగే కాసేపు నాలుక మీద ఉంచుకుంది. తర్వాత మింగి, "ఉప్పు లేదురా" అంది.

ఆ తర్వాత మాట్లాడలేదు.

అస్థికలు గోదావరిలో కలిపినప్పుడు, "నదిలో కరిగిపోయింది నాయనా, ఇంక బాధపడకు" అని ఓదార్చారు నన్ను. బూడిద కరగదు. నీళ్ళ మీద పరుచుకుని, తడిసి, మెల్లగా అడుక్కి దిగిపోయింది. ఆ మాట ఆవిడ విని ఉంటే ఏమనేదో తలుచుకున్నాను. అక్కడే ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మైల తీరాక శుభస్వీకారం భోజనాలు పెట్టాం. చెరువు నీళ్ళతోనే వంట. పరమాన్నం నేనే వడ్డించాను. ఆనాటివాళ్ళలో మిగిలినవాళ్ళు వరసలో ఉన్నారు, పళ్ళూడి, చెవులు వినపడక. పురోహితుడు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ముందు వేలికొస ముంచి నాలుకకు రాసుకున్నాడు. పక్కన కరణమూ అదే చేశాడు. ఆవిడ లేదని తెలిసీ, ఆ బంతిలో ఒక్క ముసలివాడూ రుచి చూడకుండా తినలేదు.

బంతి చివర మా పెదనాన్న. ఆయనా వేలికొసతో రుచి చూశాడు. తియ్యగానే ఉంది. ఆయన ఎడమ చెయ్యి మాత్రం జంధ్యం మీదకు పాకి తాళంచెవిని పట్టుకుంది. అలాగే పట్టుకుని, తలెత్తి, వంటింటి గుమ్మం వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.